మూడో కాలు

రెయిన్‌డీర్ల వేట మొదలవడానికి ఇంకా రెండు వారాలుంది.
గున్‌వోర్ దుకాణంలోకొచ్చి
అద్దాల బల్లమీద తన పాత బైపాడ్ పెట్టింది.
ఎడమకాలి స్ప్రింగు సాగిపోయింది,
నిలబెడితే అలిగిన పిల్లలా ఓ పక్కకి కూలబడుతోంది.
"దీన్ని బాగుచెయ్యకు హల్వార్,
నాకు సరిపోయేది చూపించు."

ముప్పైయేళ్ళుగా ఇవే అమ్ముతున్నాను.
ముందు ధర చెప్పను.
ఎక్కడ పడుకుంటావు, ఎంతసేపు పడుకుంటావు,
అని అడుగుతాను.

పొట్టికాళ్ళది తీశాను, జానెడెత్తు.
గురిపందేల మైదానంలో, చదునైన చాపమీద
దీన్ని మించింది లేదు.
భుజంతో కాస్త ముందుకు నెట్టి కాళ్ళమీద బరువు మోపితే
తుపాకి తన ఊపిరి తనే బిగబడుతుంది.
కానీ సిమెంటుమీద ఎగురుతుంది,
తడిసిన బండమీద జారుతుంది,
పైన పీఠభూమిలో మోకాలెత్తు విల్లో పొద అడ్డొస్తే
గురి నిండా ఆకులే.

పొడుగుకాళ్ళది తీశాను.
కూర్చుని కాల్చొచ్చు, కాదనను.
కాలు సాగినకొద్దీ వణుకూ సాగుతుంది.

మూడోది తియ్యబోతుంటే ఐవిన్ నవ్వాడు,
తూటాల పెట్టెలు ఎంచుకుంటూ, జిల్లా పందెంలో కప్పు గెలిచినవాడు.
"మూడు కాళ్ళా? అది ఫొటోలు తీసుకునేవాళ్ళకి."
పడుకుని కాల్చనివాడు కాల్చనట్టే లెక్క ఇతనికి.
తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాళ్ళని చూశాను,
ఇతని కుందేలుకి రెండే.

గున్‌వోర్ జవాబివ్వలేదు.
కోటు విప్పి, బోల్టు తీసిన తుపాకి పట్టుకుని
గాలాల వరసకీ బూట్ల వరసకీ మధ్య
నేలమీద బోర్లా పడుకుంది.
గోడ క్యాలెండర్లో ఇరవయ్యో తారీకుకి గురిపెట్టింది.
కదల్లేదు.
డెబ్బైయొక్కేళ్ళ చెంప
కర్రకి కర్రలా అతుక్కుపోయింది.

ఆ తర్వాత లేవబోయింది.
ఓ మోచెయ్యి.
ఓ మోకాలు.
మళ్ళీ అదే మోచెయ్యి.
చెయ్యందించబోతే కళ్ళతోనే ఆపింది.
బల్ల అంచు పట్టుకుని నిలబడి
"కొండమీద బల్లలుండవు" అంది,
ఎవరితోనో కాదు, తన మోకాలితో.

అప్పుడు మూడుకాళ్ళది విప్పాను.
కార్బన్ కాళ్ళు, పైన తుపాకిని కరిచిపట్టే దవడ.
నిలబడు, కూర్చో, మోకాళ్ళమీద వాలు,
నీ ఎత్తుకి అదే వస్తుంది.
ముక్కాలిపీటకి ఎగుడుదిగుడు నేల అంటూ లేదు,
ఎక్కడేసినా కుదురుకుంటుంది.
లోపాలూ చెప్పాను, అబద్ధమాడి అమ్మే వయసు కాదు నాది:
వీపుమీద రెండు కిలోలు,
విప్పడానికి అరనిమిషం,
పెద్దగాలికి కాళ్ళు ఈలేస్తాయి,
రాతికి తగిలితే టంగుమంటుంది,
ఆ టంగు మందంతటికీ వినిపిస్తుంది.
"పాత సైకిల్ ట్యూబు చుడతాను" అంది.
డబ్బు చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చింది.

సెప్టెంబరు చివర మళ్ళీ వచ్చింది.
ట్యూబు చిరిగింది, దవడ సందులో పసుపుపచ్చ నాచు.
"దొరికిందా?"
"ఆడది. నూట ఇరవై మీటర్లు.
గాలి నా ముఖంమీదికి. అడ్డంగా నిలబడింది, బొమ్మలో గీసినట్టు.
పడుకునుంటే వెంటనే కాల్చేసేదాన్ని,
మోచేతులు ఎంతసేపు ఓర్చుకుంటాయి?
దీనిమీద వాలి చూస్తూనే ఉన్నాను.
పదకొండో నిమిషమేమో,
దాని పొట్టకింద ఇంకో నాలుగు కాళ్ళు కనిపించాయి.
సన్నవి."

"మరి?"

"మడిచేశాను.
ఈ చలికాలం హెరింగు చేపలే."

బేరమాడే గొంతుతో అడిగింది:
"బురదలో ఓ రబ్బరు పాదం పోయింది. ఉందా?"
సొరుగంతా వెతికాను.
కంపెనీవాడు మూడూ కలిపే అమ్ముతాడు.
ప్యాకెట్టు చింపి ఒకటి ఆమె అరచేతిలో పెట్టాను.

"మిగతా రెండూ ఐవిన్‌కివ్వు" అంది తలుపు తీస్తూ,
"అతనికి సరిపోతాయి."